పెరిగే కోడికి తెల్లవారుజామున లైటు వేయవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. మావారు చేపల చెరువులు చూసుకుంటారు. కోళ్ల షెడ్డు మామయ్యగారూ నేనూ చూస్తాం. డిసెంబరు మొదటి వారంలో 5000 తెల్ల లేయర్ (గుడ్ల కోడి) పిల్లల్ని దించాం. నాలుగో వారం దాకా రాత్రంతా లైట్లు ఉంచాం. తర్వాత పెద్ద లైట్లు ఆపేసి, దొంగల భయానికీ పాముల భయానికీ షెడ్డులో అక్కడక్కడా జీరో బల్బులు వదిలేశాం. పదో వారంలో సగటు తూకం 690 గ్రాములే వచ్చింది. ఫీడ్ డీలర్‌ని అడిగితే, తెల్లవారుజామున 4 గంటలకు లైటు వేస్తే మేత ఎక్కువ తిని పెరుగుతాయన్నారు. అలాగే చేశాం. ఇప్పుడు పదిహేను వారాలు నిండాయి. తూకం 1050 గ్రాములు. తూచిన వంద కోళ్లలో 62 మాత్రమే సగటుకు దగ్గరగా ఉన్నాయి. కానీ అప్పుడే రోజుకు 150 గుడ్లు వస్తున్నాయి, బాగా చిన్నవి. నాలుగైదు కోళ్లకు గుడ్డు సంచి బయటికొస్తే పక్క కోళ్లు పొడిచి చంపేశాయి. తొందరగా గుడ్లకొచ్చాయని మామయ్యగారు సంతోషిస్తున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. లైటు తీసేయాలా, ఉంచాలా? జూన్‌లో ఇంకో బ్యాచ్ వేస్తాం, దానికేం చేయాలి?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఈ వారంలో చేయాల్సినవి చెబుతాను, ఎందుకన్నది తర్వాత మాట్లాడుకుందాం. 4 గంటల లైటును ఒక్కసారిగా ఆపేయకండి. అలాగని ఇంకొక్క నిమిషం కూడా పెంచకండి. ఇప్పుడున్నది ఉన్నట్టే కొనసాగించండి. రెండోది లైటు కన్నా అర్జంటు. మీ కోళ్లు ఇంకా గ్రోయర్ మేతే (పెరిగే కోళ్ల మేతే) తింటుంటే రేపటి నుంచే ప్రీ-లే మేతకు, అంటే గుడ్లకు రాబోయే కోళ్లకిచ్చే మేతకు మార్చండి. గుడ్డు సంచి బయటికొచ్చిన కోడి కనబడిన క్షణంలో దాన్ని కేజ్‌లోంచి తీసి వేరే పెట్టండి. ఎర్రగా కనిపించేదాన్ని పొడవడం ఒక్క కోడి మొదలుపెడితే చాలు, కేజ్ అంతా నేర్చుకుంటుంది.

మీ టెన్షన్‌కు కారణం ఉంది. మామయ్యగారి సంతోషాన్ని కాదనాల్సి వస్తున్నందుకు నాకూ కష్టంగానే ఉంది, ఎందుకంటే పెట్టుబడి పెట్టి నాలుగు నెలలు ఎదురుచూసిన మనిషికి మొదటి గుడ్డు చూస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ 1050 గ్రాముల కోడి పెట్టే గుడ్డు, ఆ కోడి తన ఒంట్లోంచి అప్పు తెచ్చి పెట్టే గుడ్డు.

మీరు ప్రతి వారం తూకం రాసుకోవడం వల్లే ఈ ఉత్తరానికి జవాబు చెప్పగలుగుతున్నాను. చాలామంది "మా కోళ్లు బాగానే ఉన్నాయి, గుడ్లు ఎందుకో చిన్నవి వస్తున్నాయి" అని మాత్రమే రాస్తారు. మీ లెక్కల్లో అసలు సంగతి పదో వారం దగ్గరే కనబడుతోంది. అప్పటికే కోడి తూకంలో వెనకబడింది. వెనకబడిన కోడికి మేత సంగతి చూడాల్సిన చోట మనం వెలుగు పెంచాం. వెలుగు కోడికి కండ పెంచదు, ఎముక పెంచదు. "గుడ్లు పెట్టే కాలం వచ్చింది, బయల్దేరు" అని మాత్రం చెబుతుంది. సిద్ధంగా ఉన్నా లేకపోయినా కోడి ఆ మాట వింటుంది.

సంక్రాంతి దాటాక పొద్దు పొడుగవుతుందని మనకు పంచాంగం చెబుతుంది. కోడికి పంచాంగం తల లోపలే ఉంది. వెలుగు దాని కంట్లోంచి మాత్రమే లోపలికి పోదు. పుర్రె ఎముక గుండా మెదడు లోపలికి దిగి, అక్కడ హైపోథాలమస్ అనే భాగంలో వెలుగును గుర్తుపట్టే కణాలను తాకుతుంది. 1930ల్లో ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా అనే శాస్త్రవేత్త బాతుల మీద చేసిన ప్రయోగాల్లో, కళ్లు లేని బాతులకు కూడా వెలుగు సమయం పెంచితే పునరుత్పత్తి అవయవాలు ఎదిగాయి. ఆ కణాలు రోజు పొడుగును కొలుస్తాయి. నిన్నటికన్నా ఇవాళ పొద్దు ఎక్కువ, ఇవాళ్టికన్నా రేపు ఎక్కువ అని తేలితే పిట్యూటరీ గ్రంథికి కబురు వెళ్తుంది. అక్కడి నుంచి హార్మోన్లు బయల్దేరి అండాశయాన్ని లేపుతాయి. పైకి మనకు కనిపించేది తురాయి ఎర్రబడడం. మీ కోళ్లకు పన్నెండు, పదమూడు వారాలకే తురాయిలు ఎర్రబడి ఉండాలి, గుర్తు చేసుకోండి.

ఇప్పుడు మీ బ్యాచ్‌కు ఏం జరిగిందో మీ ఊరి పొద్దుతోనే లెక్కేద్దాం. డిసెంబరు మొదటి వారంలో మీ దగ్గర పగలు సుమారు 11 గంటల 10 నిమిషాలు. డిసెంబరు మూడో వారం దాకా ఇంకాస్త తగ్గి, అక్కడి నుంచి జూన్ మూడో వారం దాకా పెరుగుతూనే పోయి 13 గంటలు దాటుతుంది. అంటే డిసెంబరులో దించిన పిల్ల, ఎవరూ ఏ లైటూ వేయకపోయినా, పొద్దు పెరిగే కాలంలోనే ఎదుగుతుంది. మామూలుగానే అది కాస్త ముందు గుడ్లకు వస్తుంది. ఫిబ్రవరి మధ్యలో, పదో వారంలో, పగలు దాదాపు 11 గంటల 35 నిమిషాలు ఉన్నప్పుడు మీరు 4 గంటలకు లైటు వేశారు. ఆ రోజు సూర్యుడు సాయంత్రం 6 దాటాక అస్తమించాడు. ఒక్క రాత్రిలో కోడి దృష్టిలో పగలు 14 గంటలైంది. పదహారు పదిహేడు వారాలు దాటాక, తూకం చూసుకుని ఇవ్వాల్సిన కబురును పదో వారంలోనే ఇచ్చేశాం. ఆ తర్వాత ఐదు వారాలకు గుడ్డు పడింది. ఇందులో ఆశ్చర్యం లేదు.

ఫీడ్ డీలర్‌ని నేను తప్పుపట్టను. గుడ్లు పెడుతున్న లేయర్లకు, అందులోనూ ఎండాకాలంలో, అది మంచి సలహా. మధ్యాహ్నం 40 డిగ్రీలున్నప్పుడు కోడి రెక్కలు చాపి రొప్పుతుందే తప్ప మేత ముట్టదు. తెల్లవారుజామున చల్లటి వేళ లైటు వేస్తే ఆ రెండు గంటల్లో బాగా తింటుంది. పక్క షెడ్డులో పనిచేసిన సలహాను గ్రోయర్ షెడ్డుకు తెచ్చుకోవడమే ఇక్కడ జరిగిన పొరపాటు. ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. అనపర్తి వైపు నుంచీ, తాడేపల్లిగూడెం వైపు నుంచీ ఇదే కథ విన్నాను. నా ఉద్యోగం కొత్తలో నేనే ఒక రైతుకు తూకం అడక్కుండా, వయసు మాత్రమే అడిగి లైటు వేయమన్నాను. ఆ బ్యాచ్ చివరిదాకా చిన్న గుడ్లే పెట్టింది. అప్పటి నుంచి తూకం తెలియకుండా లైటు గురించి నోరు విప్పను.

ఇక గుడ్డు సంచి బయటికి రావడం. ఇంకా పూర్తిగా ఎదగని ఒళ్లు, ఇరుకైన కటి, సాగడానికి సిద్ధంగా లేని కండరాలు. వాటి గుండా గుడ్డు బయటికి రావాలి. గుడ్డుతోపాటు బయటికి వచ్చిన సంచి వెంటనే లోపలికి వెళ్లదు. ఆ కాసేపట్లో పక్క కోడి కంటపడుతుంది. మిగతాది మీరు చూశారు.

మేత గురించి అంత ఆదుర్దాగా ఎందుకు చెప్పానంటే, ఒక్కో గుడ్డు పెంకుకు దాదాపు 2 గ్రాముల కాల్షియం కావాలి. గ్రోయర్ మేతలో కాల్షియం సుమారు 1 శాతమే ఉంటుంది. ఆ మేత తింటూ గుడ్డు పెట్టే కోడి ఆ లోటును తన ఎముకల్లోంచి తీస్తుంది. కొన్ని వారాలకు కాళ్లు చచ్చుబడి కేజ్‌లోనే కూలబడుతుంది. అందుకే 2 నుంచి 2.5 శాతం కాల్షియం ఉండే ప్రీ-లే మేత ఇప్పుడే మొదలుపెట్టాలి. రోజు గుడ్లు 5 శాతానికి, అంటే మీ లెక్కన 250కి చేరగానే, 3.5 నుంచి 4 శాతం ఉండే లేయర్ మేతకు మార్చండి. కాల్షియంలో కొంత భాగం పొడిగా కాకుండా పలుకులుగా, సున్నపురాయి గ్రిట్ రూపంలో ఉంటే మేలు. పెంకు తయారయ్యేది రాత్రిపూట. పలుకు నెమ్మదిగా కరుగుతూ రాత్రంతా కోడికి అందుతుంది. అలాగని భయపడి ఇవాళే అన్నిటికీ లేయర్ మేత పోయకండి. ఇంకా గుడ్లకు రాని 4850 కోళ్ల మూత్రపిండాల మీద అంత కాల్షియం భారం పడుతుంది.

లైటు ఒక్కసారిగా ఎందుకు తీయొద్దన్నానో కూడా చెప్పాలి. గుడ్లు కనబడుతున్నవి 150 కోళ్లే అయినా, వాటి వెనక ఇంకెన్నో కోళ్లలో అండాశయం కదిలింది. ఇప్పుడు రెండు గంటలు కోసేస్తే, పెడుతున్నవి ఆగిపోతాయి, కొన్ని మెడ ఈకలు రాలుస్తాయి. ఇప్పటికే 62 శాతం ఉన్న సమానత్వం (సగటు తూకానికి దగ్గరగా ఉన్న కోళ్ల శాతం) ఇంకా చెదిరిపోతుంది. ఒకే షెడ్డులో మూడు రకాల కోళ్లు తయారవుతాయి, వేటికి ఏ మేత పెట్టాలో మీకే తెలియదు. అందుకని వెలుగు గంటలు అలాగే ఉంచి, వెలుగు తీవ్రత మాత్రం తగ్గించండి. తెల్లవారుజామున వేసే బల్బులు పెద్దవైతే చిన్నవి పెట్టండి. గ్రోయర్ కోడికి మేత తొట్టి దగ్గర 5 నుంచి 10 లక్స్ (వెలుగు తీవ్రతకు కొలత) వెలుగు చాలు. ఫోన్‌లో లక్స్ చూపించే యాప్‌లున్నాయి. అవి ఖచ్చితంగా చూపించకపోయినా షెడ్డులో ఏ చోట ఎక్కువ, ఏ చోట తక్కువ అన్నది తెలుస్తుంది. పడమటి ఎండ నేరుగా తగిలే వరుసలుంటే ఆ వైపు గ్రీన్ నెట్ కట్టండి. గాలి ఆడాలి, ఎండ మాత్రం కోడి మీద పడకూడదు. తీవ్రత తగ్గితే పొడుచుకోవడం చాలావరకు సద్దుమణుగుతుంది.

జీరో బల్బుల మాట మరిచిపోలేదు. పేరుకే జీరో. పాతకాలపు జీరో బల్బు 15 వాట్ల దాకా కరెంటు తాగుతుంది. దాని ఎర్రటి కాంతి పుర్రె గుండా తేలిగ్గా దిగే రకం. రాత్రంతా అది వెలుగుతుంటే కోడికి నిజమైన చీకటి దొరకదు. చీకట్లోనే కోడి ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోన్ తయారవుతుంది, అది లేకపోతే నిద్రా విశ్రాంతీ కుదరవు. పెరిగే పిల్లకు మేత ఎంత అవసరమో ఈ విశ్రాంతి అంత అవసరం. అయితే ఇన్నాళ్లూ అలవాటైన వెలుతురు ఒక్క రాత్రిలో పోతే బెదిరి రెక్కలు కొట్టుకుంటాయి. అందుకని వరుసకొకటి చొప్పున, వారం పది రోజుల్లో తీసేయండి. దొంగల భయం నిజమే, పాముల భయమూ నిజమే, మామయ్యగారి మాట కొట్టిపారేయను. కాపలా లైటు షెడ్డు లోపల కాకుండా బయట, కోళ్ల వైపు కాకుండా దారి వైపు తిప్పి పెట్టండి. మనిషి కదిలితేనే వెలిగే సెన్సర్ లైట్లు దొరుకుతున్నాయి, అవి ఇంకా మంచివి. పాములు షెడ్డుకు వచ్చేది ఎలుకల కోసం. ఎలుకల్ని అదుపు చేస్తే, షెడ్డు చుట్టూ గడ్డి కోస్తే, లైటు కన్నా ఎక్కువ కాపలా అవుతుంది.

మళ్లీ లైటు పెంచేది ఎప్పుడు? ప్రతి వారం ఒకే రోజు, ఒకే వేళ, అవే కేజ్‌లలోని వంద కోళ్లను తూచండి. సగటు 1200 నుంచి 1250 గ్రాముల మధ్యకు వచ్చిన వారం మొదలుపెట్టండి. మీ జాతికి హేచరీ వాళ్లిచ్చిన పుస్తకంలో 17, 18 వారాల తూకం ఉంటుంది, దాన్నే లెక్కలోకి తీసుకోండి. ఈ వయసులో వారానికి 50, 60 గ్రాములు పెరిగితే మీకు ఇంకో మూడు వారాలు పడుతుంది. అక్కడి నుంచి వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ 16 గంటలకు చేరండి. 16 దగ్గర ఆగిపోండి, అంతకన్నా పెంచితే కరెంటు బిల్లు తప్ప గుడ్లు పెరగవు. ఆ తర్వాత బ్యాచ్ తీసేసేదాకా ఒక్క నిమిషం తగ్గకూడదు.

ఈ మూడు వారాల్లో తూకం పెంచడానికి లైటు అక్కర్లేదు. మేత ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి పోయండి. మధ్యలో రెండు మూడుసార్లు తొట్టి పొడుగునా చేయి పెట్టి మేత కదపండి. చప్పుడుకు లేచి తింటాయి. మధ్యాహ్నానికి తొట్టి అడుగు కనబడాలి, అప్పుడే కింద మిగిలిపోయే పొడి కూడా తింటాయి. ఆ పొడిలోనే విటమిన్లు, ఖనిజాలు ఉంటాయి. నీళ్ల ట్యాంకు ఎండలో ఉంటే తాటాకులు కప్పండి. వేడెక్కిన నీళ్లు కోడి తాగదు, తాగకపోతే తినదు. రేకుల మీద సున్నం కొట్టించండి. తూకంలో సగటు కన్నా పది శాతం పైగా తగ్గిన వాటిని విడదీసి, ఒక వరుసలో కేజ్‌కు ఒక కోడి తక్కువగా పెట్టండి. పక్కనున్న బలమైన కోడి తోసేయకపోతే చాలా కోళ్లు వాటంతటవే అందుకుంటాయి. పదో వారంలో 690 గ్రాములకే ఎందుకు ఆగిపోయాయో కూడా వెనక్కి వెళ్లి చూడాలి. బ్రూడింగ్‌లో, అంటే చిన్న పిల్లల్ని వెచ్చగా ఉంచి పెంచే రోజుల్లో, చలి తగిలిందా, రక్త విరేచనాలు వచ్చాయా, ముక్కు కత్తిరించిన తర్వాత వారం పాటు మేత సరిగ్గా తినలేదా? మీ నోటు పుస్తకంలో ఆ రోజుల్లో ఏం రాసుకున్నారో చూడండి. అసలు జబ్బు అక్కడుంది.

జూన్ బ్యాచ్ గురించి మీకు ఒక మంచి మాట. అది మీకు చాలా తేలిక. జూన్ మొదటి వారంలో దించిన పిల్లకు మూడో వారం నుంచి పొద్దు తగ్గుతూ పోతుంది. అక్టోబరు మొదటి వారానికి, అంటే 17 వారాలప్పటికి, పగలు సరిగ్గా 12 గంటలకు దిగుతుంది. సూర్యుడే మీకు తోడు. మొదటి మూడు రోజులు 22, 23 గంటల వెలుగు ఇవ్వండి, బ్రూడర్‌లో 30 లక్స్ దాకా ఉండాలి. కొత్త పిల్లకు నీళ్లెక్కడున్నాయో మేతెక్కడుందో కనబడాలి కదా. ఆ ఒకటి రెండు గంటల చీకటి మాత్రం మొదటి రాత్రి నుంచే ఉండాలి. చీకటి అలవాటు లేని పిల్లలు కరెంటు పోయినప్పుడు బెదిరి మూలకు పరుగెత్తి ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి. వారం నిండేసరికి 20 గంటలకు, రెండో వారం 18కి, అక్కడి నుంచి వారానికి ఒక గంట చొప్పున తగ్గించి, ఏడో వారానికల్లా పగటి వెలుగుకు వదిలేయండి. తర్వాత అక్టోబరు దాకా ఏ లైటూ వద్దు. ఈ కాలపు కోళ్లకు వచ్చే ఇబ్బంది ఆలస్యం. తూకం వచ్చేశాక కూడా పొద్దు తగ్గుతుంటే గుడ్లకు రావడానికి తటపటాయిస్తాయి. తూకం అందిన వారమే, ఒకేసారి ఒక గంట పెంచి 13 గంటలు చేయండి. ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా అనుకోండి. తర్వాత వారానికి అరగంట. అక్టోబరు, నవంబరు మన కోస్తాకు తుఫానుల కాలం. జనరేటర్‌కు డీజిల్ నిల్వ ఉంచండి. అప్పుడే గుడ్లకొచ్చిన కోడికి వరసగా మూడు నాలుగు సాయంత్రాలు లైటు పోతే గుడ్లు ఆగి, ఈకలు రాలడం మొదలవుతుంది.

కష్టమైనది మళ్లీ డిసెంబరులో వేసే బ్యాచ్. దానికి ఒక ఉపాయం ఉంది, దీన్ని మాత్రం మీ నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. డిసెంబరు పిల్లకు 17, 18 వారాలు నిండేది ఏప్రిల్ మొదట్లో. అప్పుడు మీ ఊళ్లో పగలు దాదాపు 12 గంటల 30 నిమిషాలు. కాబట్టి పిల్లల వెలుగును పైన చెప్పినట్టే 23 గంటల నుంచి తగ్గించుకుంటూ వచ్చి, ఎనిమిదో వారానికి 12 గంటల 30 నిమిషాల దగ్గర ఆపేయండి. అంతకన్నా కిందికి పోనివ్వకండి. ఆ వారం నుంచి ఉదయం 5:45కు లైటు, సాయంత్రం 6:15కు ఆఖరు. మధ్యలో సూర్యుడు ఉన్నంతసేపూ లైట్లు ఆపేసుకోవచ్చు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బయట పొద్దు పెరుగుతున్నా కోడికి తెలియదు, ఎందుకంటే పెరిగే ఆ నిమిషాలన్నీ మీరు ముందే ఇచ్చేసిన 12:30 గంటల లోపలే ఉంటాయి. ఏప్రిల్‌లో సూర్యుడు చేయబోయే పనిని మీ బల్బు ముందుగానే చేసి, ఆ పెరుగుదలను కోడికి కనబడకుండా దాచేస్తుంది. తూకం వచ్చిన రోజు మీరు గంట పెంచితే, అదే దానికి జీవితంలో మొదటిసారి పొద్దు పెరిగినట్టు. ఈ సమయాలు గోదావరి జిల్లాలకు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లు సూర్యోదయం, సూర్యాస్తమయం రెంటికీ పన్నెండు పదమూడు నిమిషాలు కలుపుకోవాలి, పగటి పొడుగు మాత్రం దాదాపు అదే.

పూర్తిగా మూసి ఉండే ఈసీ (ఎన్విరాన్‌మెంట్ కంట్రోల్డ్) షెడ్లలో ఈ లెక్కలేవీ అక్కర్లేదు, వెలుగు మొత్తం వాళ్ల చేతిలోనే ఉంటుంది. మనలాంటి పక్కలు తెరిచిన షెడ్డుకే ఈ తిప్పలు. బ్రాయిలర్ పెంచేవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక మాట: తిండి కోసమని 23, 24 గంటలు లైటు వేసే అలవాటు మానండి. మొదటి వారం తర్వాత రాత్రికి 4 నుంచి 6 గంటల చీకటి ఇస్తే కాళ్ల జబ్బులు, ఉన్నట్టుండి గుండె ఆగి చావడం తగ్గుతాయి. యూరప్‌లో రోజుకు కనీసం 6 గంటల చీకటి, అందులో 4 గంటలు ఏకధాటిగా, చట్టప్రకారమే ఇవ్వాలి.

మీకు వేరే లేయర్ షెడ్డు ఉందో లేదో, ఉంటే అది గ్రోయర్ షెడ్డుకు ఎంత దూరమో మీరు రాయలేదు. పక్కపక్కనే ఉంటే అదీ చూసుకోవాలి. లేయర్లకు 4 నుంచి రాత్రి 8 దాకా లైట్లు వేస్తాం. ఆ వెలుగు ఇరవై ముప్పై అడుగులు దాటి గ్రోయర్ల మీద పడితే, మీరు ఎంత లెక్కగా లైటు ఆపినా ఉపయోగం లేదు. రాత్రి ఏడున్నరకు గ్రోయర్ షెడ్డులో అన్నీ ఆపేసి, ఆ వైపు వరుసలో నిలబడి చూడండి. మీ నీడ కేజ్‌ల మీద పడుతుంటే వెలుగు వస్తున్నట్టే. దానికి గ్రోయర్ షెడ్డుకు పరదాలు కట్టి గాలి ఆపకండి, ఈ ఎండల్లో అది ఇంకో ప్రమాదం. లేయర్ షెడ్డులో ఆ చివరి వరుస బల్బులకు రేకు డోములు పెట్టి కాంతిని కిందికి తిప్పండి. జూన్ పిల్లలు దిగేలోపు చేస్తే చాలు. చెరువు గట్టు మీద మీవారు పెట్టిన లైట్లు షెడ్డు వైపు ఉంటే అవీ తిప్పించండి.

లేయర్లకు బల్బులు కొనేటప్పుడు, పసుపు ఛాయ ఉండే ఎల్ఈడీలు తీసుకోండి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగును 8, 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. ఏడెనిమిది అడుగుల ఎత్తులో, పది పన్నెండు అడుగులకొకటి చొప్పున కట్టండి. కింది అంతస్తు కేజ్‌లో కూడా మేత తొట్టి దగ్గర 10 లక్స్ ఉండాలి, లేకపోతే పై కోళ్లు ముందు, కింది కోళ్లు వెనక గుడ్లకు వస్తాయి. పదిహేను రోజులకోసారి బల్బులు తుడిపించండి. కోళ్ల షెడ్డు దుమ్ము బల్బు మీద పేరుకుంటే మీరు కట్టిన బిల్లులో చాలా భాగం ఆ దుమ్ముకే పోతుంది.

టైమర్ పెట్టారో లేదో రాయలేదు. చేత్తో స్విచ్ వేస్తుంటే ఒక రోజు 4కు, ఒక రోజు 4:40కి అవుతుంది. టైమర్ పెట్టించండి, కానీ బ్యాటరీ ఉన్నదే తీసుకోండి. బ్యాటరీ లేని ముల్లు టైమర్ కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోయి, వచ్చాక అక్కడి నుంచే నడుస్తుంది. రోజూ గంట కరెంటు పోయే ఊళ్లో వారానికి ఏడు గంటలు వెనకబడుతుంది. తెల్లవారుజామున వెలగాల్సిన లైటు మిట్టమధ్యాహ్నం వెలుగుతుంది, పగటి వెలుగులో ఎవరూ గమనించరు. ప్రతి ఆదివారం ఫోన్‌లో టైము చూసి టైమర్‌తో సరిపోల్చండి.

16, 17, 18 వారాల తూకాలు, రోజూ వచ్చిన గుడ్లు, బయటికి తీసిన కోళ్ల లెక్క నాకు రాయండి. సమానత్వం 75 దాటిందో లేదో కూడా రాయండి. దాన్ని చూసి లేయర్ మేతలో ప్రోటీన్ ఎంత ఉండాలో చెబుతాను. మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. ఈ 150 గుడ్లలో ఒక పదింటిని తూచి ఆయనకే చూపించండి, 18 వారాలు దాటాక మళ్లీ పది తూచండి.